వెంట్రుక వెంట్రుకకూ ఒక లెక్క

మగ్గం ఎక్కబోయే పడుగును బొమ్మగా వేయడం అంత తేలిక కాదు. వందల పోగులు ఒకదాని పక్కన ఒకటి సాగిపోతుంటాయి. దూరం నుంచి చూస్తే ఒకటే పట్టీ, దగ్గరికి పోతే దేని తీరు దానిది. ఒకటి కాస్త మందం, ఒకటి నలిగింది, ఇంకోదానికి నూగు లేచింది. గుండ్రటి మామూలు డిజిటల్ బ్రష్‌తో ఎంత ఓపికగా గీసినా అవి పోగుల్లా ఉండవు, కరెంటు తీగల్లా ఉంటాయి. ఎమ్మిగనూరు నేతవీధిని కంప్యూటర్ తెర మీద వేద్దామనుకునే చిత్రకారుడికి మొదట అడ్డం పడేది ఇదే. క్రిటా అనే ఉచిత చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో దీనికి తగిన పనిముట్టు ఉంది. దాని పేరు బ్రిసిల్ ఇంజిన్. చాలామంది ఒకసారి గీసి, పక్కన పెట్టేసి, మళ్లీ దాని జోలికి పోరు. లోపల ఎంత పనితనం ఉందో చూస్తే అలా వదిలేయబుద్ధి కాదు.

కంప్యూటర్ కుంచెకు వెంట్రుకలు పెట్టాలన్న ఆలోచన పాతదే. 1986లో స్టీవ్ స్ట్రాస్‌మన్ ‘హెయిరీ బ్రషెస్’ అనే పరిశోధన పత్రంలో కుంచెను వెంట్రుకల గుంపుగా లెక్కకట్టాడు. ప్రతి వెంట్రుకకూ దాని సిరా దానిదే. ఫ్రాక్టల్ డిజైన్ వాళ్ల పెయింటర్ అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ 1991లో వచ్చింది. 2010లో ఫోటోషాప్ సీఎస్5 గుండ్రటివి ఐదు, చదునువి ఐదు మొత్తం పది ఆకారాల కుంచెలు ఇచ్చి, వెంట్రుకల సంఖ్య, పొడవు, మందం, బిరుసు మన చేతికి అప్పగించింది. క్రిటాలోని ఇంజిన్‌కు మూలం లూకాష్ త్వర్దీ రాసిన సుమి-ఎ కుంచె, అంటే జపాను సిరాచిత్రాల కుంచెకు అనుకరణ. పాత కథ చాలించి ఆ ఇంజిన్ లోపలికి పోదాం.

దానికి కుంచె మొన అంటే ఒక చిన్న నలుపు తెలుపు బొమ్మ. ఆ బొమ్మలో ఒక్కో పిక్సెల్ ఒక్కో వెంట్రుక అవుతుంది. తెల్లగా ఉన్నచోట వెంట్రుక లేదు. నల్లగా ఉన్నచోట పొడుగు వెంట్రుక, బూడిదరంగు ఉన్నచోట పొట్టి వెంట్రుక. థ్రెషోల్డ్ అనే గడికి టిక్కు పెడితే అసలు సంగతి బయటపడుతుంది. స్టైలస్‌ను తేలిగ్గా ఆనిస్తే పొడుగువి మాత్రమే కాగితానికి తగులుతాయి. నొక్కేకొద్దీ పొట్టివి కూడా ఒక్కొక్కటే వచ్చి కలుస్తాయి. పందివెంట్రుకల కుంచెతో నూనెరంగులు వేసినవాళ్ల వేళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. దాన్ని ఇంత పొదుపుగా, ఒక బొమ్మలోని నలుపు చిక్కదనంతో చెప్పేయడం నాకు గొప్ప పనితనంగా తోస్తుంది. కుంచె తయారు చేసుకోవాలంటే ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, చుక్కలు పెట్టడం వస్తే చాలు.

అయితే చుక్కలు పెట్టడంలోనే నేర్పంతా ఉంది. ముప్పై పిక్సెళ్ల వెడల్పు, ముప్పై ఎత్తు ఉన్న చదరాన్ని నల్లగా నింపేస్తే 900 వెంట్రుకలు పుట్టుకొస్తాయి. గీత నత్తనడక నడుస్తుంది, పైగా ముద్దగా పడుతుంది. చుక్కలు తక్కువ పెట్టి, స్కేల్ పెంచి వాటిని ఎడంగా జరపడమే తెలివైన పని. డెన్సిటీ తగ్గిస్తే కొన్ని వెంట్రుకలు రాలిపోతాయి, కుంచె అరిగినట్టు అవుతుంది. షియర్ మార్చితే కుచ్చు మొత్తం ఓరగా వాలుతుంది.

ఇప్పుడు పడుగు దగ్గరికి వద్దాం. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. అలాంటి నేత ఊళ్లలో వెనుకట ఎండ ముదరకముందే పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, పొడవాటి నార కుంచెను ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాళ్లు. లేచిన నూగంతా పోగుకు అణిగి ఒకేవైపు పడుకోవాలి, పోగుకు పోగు అంటుకోకూడదు. గంజి ఆరేలోపే పని అయిపోవాలి. ఆ కుంచెలు కట్టడం కూడా ఒక వృత్తే. నేతగాళ్లకు కుంచెలు కట్టే ఎరుకల శాఖ గురించి దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో ప్రస్తావన ఉంది.

బ్రిసిల్ ఇంజిన్‌తో ఈ పడుగు వేయాలంటే మొన బొమ్మలో అరవై చుక్కలు ఒకే అడ్డవరుసలో పెట్టుకోవాలి. అన్నీ ఒకే నలుపు వద్దు, అక్కడక్కడా బూడిదరంగు, ఒకటి రెండు ఖాళీలు. పైనుంచి కిందికి ఒక్క గీత లాగితే అరవై పోగులు దిగుతాయి. ర్యాండమ్ ఆఫ్‌సెట్ కాస్త పెంచితే ప్రతి వెంట్రుకా తన దారి నుంచి అటూఇటూ జరుగుతుంది, పోగుల మీద నూగు లేస్తుంది. అదే అంకెను సున్నాకు దించితే నూగు అణిగిపోయి పోగులు తిన్నగా సాగుతాయి. గంజికి ముందు పడుగు, గంజి తర్వాత పడుగు, రెండూ ఒకే మొన నుంచి, ఒకే ఒక్క అంకె తేడాతో. వీధిలో ఇద్దరు మనుషులు నడిచి నడిచి చేసిన పనినే ఈ మీట తెర మీద చేస్తోంది. ఈ పొంతన చూసినప్పుడు, ఇంజిన్ రాసినవాళ్లు నార స్వభావాన్ని ఎంత దగ్గరగా పట్టుకున్నారో అర్థమైంది.

నేత ఊరు వదిలి పత్తి మార్కెట్ ఉన్న ఆదోనికి పోతే కావలసిన కుంచె వేరు. మార్కెట్ యార్డులో కుప్ప పోసిన పత్తికి అంచు అంటూ ఉండదు. ఆ అంచులేనితనం కోసం ఇంక్ డిప్లీషన్ వాడాలి. ప్రతి వెంట్రుకా తాను గీసినంత మేర తన రంగు తాను ఖర్చు పెట్టుకుంటుంది. అది ఎంత త్వరగా అయిపోవాలో చిన్న వంపుగీతతో మనమే చెప్తాం. రంగు అయిపోయేకొద్దీ గీత పలచబడాలని పెడితే కొస చీలి, పింజె విడిపోయినట్టు గాలిలో కలుస్తుంది. చేయి తేలిగ్గా ఉండాలి, పొడుగు వెంట్రుకలే పని చేయాలి.

ఆదోనిలోనే ఉన్న రణమండల కొండ గుండ్లకు ఇంకో ఉపాయం. ముందు ఎరుపు, బూడిద, వాననీళ్లు జారిన నల్ల చారల రంగులు మచ్చలుగా పరిచేసి, సోక్ ఇంక్ పెట్టి కుంచె లాగాలి. గీత మొదలైనచోట ఏ వెంట్రుక కింద ఏ రంగు ఉంటే అది ఆ రంగే పట్టుకుని ముందుకు పోతుంది. ఒక్క లాగుడుకు రాయి మీద పది రంగుల చారలు పడతాయి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన సదుపాయం.

కొరత లేదని కాదు. నిజం కుంచెను గట్టిగా నొక్కితే వెంట్రుకలు వంగి, పాయలుగా చీలి, కాసేపు అలాగే ఉండిపోతాయి. క్రిటా వెంట్రుకలకు ఆ జ్ఞాపకం లేదు. బిరుసు, వంపు కావాలంటే ఫోటోషాప్ కుంచెలే మేలు. కానీ ఫోటోషాప్ డబ్బు పెట్టి వాడుకోవలసింది. క్రిటాలో కుదిరిన కుంచెను భద్రం చేస్తే కేపీపీ అనే ఫైలుగా మారుతుంది. అది నిజానికి ఒక పీఎన్‌జీ బొమ్మ, మీటల అంకెలన్నీ దాని కడుపులోనే ఉంటాయి. ఆదోనిలో ఒకరు పత్తికి తయారు చేసిన కుంచెను ఎమ్మిగనూరులో ఇంకొకరికి పంపాలంటే మొన బొమ్మతో పాటు ఆ ఫైలు పంపితే సరిపోతుంది. అందుకున్నవాళ్లు నాలుగు చుక్కలు చెరిపి, రెండు కలిపి, తమ చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు.