ఉల్లేఖనముల పటము: గుణదోష విచారణ

మన ప్రాచీన కావ్యముల అవతారికలలో పూర్వకవిస్తుతి అను ఆచారము కలదు. కథ ప్రారంభించుటకు ముందు కవి తనకు మార్గము చూపిన వారిని పేరుపేరున తలచుకొనును. ఆ పద్యములను వరుసగా పెట్టి చూచినచో ఏ కవి ఎవరిని చదివెనో, ఎవరిని గురుతుల్యులుగా భావించెనో కొంతవరకు తెలియును. విజ్ఞానశాస్త్రములో ఈ పనిని పరిశోధన పత్రము చివరనుండు ఆధారముల పట్టిక నిర్వహించుచున్నది. ఒక పత్రము తన పట్టికలో మరియొక పత్రమును పేర్కొనుటను ఉల్లేఖనము అందురు. మనము దాచుకొన్న పత్రములను బిందువులుగను, వాని మధ్యగల ఉల్లేఖనములను రేఖలుగను మార్చి పటము గీయు ఉచిత సాఫ్ట్‌వేర్లు నేడు పెక్కు వచ్చినవి. వీని గుణమెంత, దోషమెంత, వీనిని ఎంతవరకు నమ్మవచ్చును అనునది ఇచట విచారింతము.

మొదట వీని అవసరమును చూతము. ఒక విద్యార్థి ఏదో ఒక విషయముపై 100 పత్రములు సేకరించినాడనుకొందము. వీనిలో ఏది దేనిని పేర్కొన్నదో తెలిసికొనవలెనన్న 4,950 జంటలను పరిశీలింపవలెను. ఇది చేతితో చేయదగిన పని కాదు. చేయనిచో ఏది మూలమో, ఏది శాఖయో తెలియక అతడు కనబడినదెల్ల చదువుచు పోవును. సంవత్సరము గడచిన పిమ్మట, అందరికిని ఆధారమైన పత్రమును తాను చదువనేలేదని తెలిసికొనును.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనునతడు 1873లోనే న్యాయస్థానముల తీర్పులకు ఇట్టి సూచికను ప్రారంభించెను. ఒక తీర్పును తరువాతి తీర్పులు అంగీకరించినవా, త్రోసిపుచ్చినవా అని న్యాయవాదులు దానిలో చూచుకొనెడివారు. ఈ పద్ధతి విజ్ఞానశాస్త్రమునకు కూడ పనికివచ్చునని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అను సూచికను ప్రకటించెను. అదే సంవత్సరము అతడును అతని సహచరులును డి.ఎన్.ఏ. పరిశోధన చరిత్రను పటముగా గీచిరి. ఐజాక్ అసిమోవ్ తన పుస్తకములో చెప్పిన 40 ముఖ్య ఘట్టములను తీసికొని, ఉల్లేఖనముల ద్వారా ఏర్పడిన చరిత్రతో పోల్చి చూచిరి. 1965లో డెరెక్ ప్రైస్ శాస్త్రపత్రములన్నియు కలిసి ఒక వలగా ఏర్పడుచున్నవని నిరూపించెను.

అయితే ఈ సూచికలు చందా చెల్లించగల గ్రంథాలయములకే అందుబాటులో ఉండెను. చిన్న కళాశాల విద్యార్థికి అవి ఎండమావులే. ఈ స్థితి మారుటకు చాల కాలము పట్టినది. ఉల్లేఖనముల సమాచారమును అందరికిని తెరువవలెనని 2017లో ఒక ఉద్యమము ప్రారంభమైనది. ప్రచురణకర్తలు ఒక్కొక్కరుగా అంగీకరించిరి. 2022లో క్రాస్‌రెఫ్ అను సంస్థ తన వద్ద నమోదైన ఆధారముల పట్టికలన్నిటిని బహిరంగము చేసినది. ఉచిత సాఫ్ట్‌వేరుకు ఈ ఉచిత సమాచారమే ప్రాణము. ఇది లేనిచో ఎంత మంచి సాఫ్ట్‌వేరైనను నీరు లేని మోటబావి వంటిది.

ఇక పరికరముల సంగతి. పత్రములను దాచుకొనుటకు జోటెరో అనునది ప్రసిద్ధము. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయములో 2006లో ఇది వెలువడినది. రచయిత పేరు, పత్రిక, సంవత్సరము, పత్రమునకు గల డి.ఓ.ఐ. అను శాశ్వత సంఖ్య, ఇవన్నియు ఇది చక్కగా భద్రపరచును. కాని ఏ పత్రము దేనిని పేర్కొన్నదో ఇది తనంతట తాను నమోదు చేయదు. డి.ఓ.ఐ. సంఖ్యలను ఆధారముగా తీసికొని, బహిరంగ భాండాగారముల నుండి ఆ సమాచారమును వేరుగా తెప్పించుకొనవలెను. అట్లు తెచ్చినదానిని పటముగా గీయుటకు గెఫీ, వాస్‌వ్యూయర్ అనునవి కలవు. మొదటిది ఫ్రాన్సులో పుట్టినది. రెండవదానిని నెదర్లాండ్సులోని లైడెన్ విశ్వవిద్యాలయమువారు తయారుచేసిరి.

పటములోని రేఖలన్నియు ఒకే రకమైనవి కావు. ఒక పత్రము మరియొకదానిని సూటిగా పేర్కొనుట మొదటి రకము. రెండు పత్రములు ఒకే పూర్వపత్రములను పేర్కొనుట రెండవ రకము. దీనిని కెస్లర్ 1963లో వివరించెను. ఒకే గురువు వద్ద చదివిన ఇద్దరు శిష్యుల సంబంధము వంటిది ఇది. రెండు పత్రములను తరువాతివారు పదేపదే జంటగా పేర్కొనుట మూడవ రకము. దీనిని 1973లో హెన్రీ స్మాల్ ప్రతిపాదించెను. తాము ఒకరినొకరు ఎరుగకున్నను ఊరివారు ఎల్లప్పుడు కలిపి తలచు ఇద్దరి సంబంధము వంటిది ఇది. రెండవ సంబంధము పత్రము అచ్చయిన నాడే స్థిరపడును. మూడవది కాలముతో పెరుగును, మారును. తాను గీచినది ఏ రకపు పటమో తెలియక దానిని వ్యాఖ్యానించుట పొరపాటు.

గుణములు చెప్పవలెనన్న, ఈ పటము కొద్ది నిమిషములలో విషయమునకు రూపురేఖలు కల్పించును. అనేక రేఖలు వచ్చి చేరిన బిందువును చూచి, ముందుగా చదువవలసినది ఇదియని విద్యార్థి గ్రహించును. రెండు గుంపుల మధ్య వంతెనవలె నిలిచిన పత్రము కనబడును. తాను సేకరింపనిదై, సేకరించినవాటిలో పెక్కింటిచే పేర్కొనబడిన పత్రమును గూడ కొన్ని సాఫ్ట్‌వేర్లు చూపును. ఈ ఒక్క ప్రయోజనము కొరకైనను వీనిని నేర్చుకొనవచ్చును.

దోషములలో మొదటిది చూపునకు సంబంధించినది. గెఫీ బిందువులను ఒకదానినొకటి నెట్టుకొనునట్లును, రేఖలు వానిని స్ప్రింగులవలె దగ్గరకు లాగునట్లును లెక్కకట్టి అమర్చును. ఆ పటములో పైన, క్రింద, కుడి, ఎడమ అను దిక్కులకు అర్థము లేదు. భూపటము చూచుటకు అలవాటుపడిన కన్ను మాత్రము పైనున్నది గొప్పదని భ్రమించును.

రెండవ దోషము గాఢమైనది. 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో వాట్సన్, క్రిక్ ప్రకటించిన డి.ఎన్.ఏ. పత్రమునే చూడుడు. దాని ఆధారముల పట్టికలో ఉన్న సంఖ్యలు ఆరు మాత్రమే. పౌలింగ్, కోరీలు, ఫర్‌బర్గ్, చార్గాఫ్, వయాట్, ఆస్ట్‌బరీ, విల్కిన్స్, రాండాల్ అచట కనబడుదురు. వంశలక్షణములను మోయునది డి.ఎన్.ఏ. అని 1944లో సూచించిన ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీల పత్రము దానిలో లేదు. కావున పటములో ఆ రెంటి నడుమ సూటి రేఖ పడదు. అంతకన్న బాధాకరమైనది రోజలిండ్ ఫ్రాంక్లిన్ సంగతి. ఆమె పర్యవేక్షణలో 1952 మే నెలలో రేమండ్ గాస్లింగ్ తీసిన ఎక్స్‌రే ఛాయాచిత్రమును విల్కిన్స్ ఆమెకు తెలియకుండ వాట్సన్‌కు చూపెను. ఆమె పేరు ఆ పత్రము చివరి కృతజ్ఞతా వాక్యములో ఉన్నది కాని ఆధారముల పట్టికలో లేదు. కృతజ్ఞతా వాక్యమును సాఫ్ట్‌వేరు చదువదు. అందువలన సాఫ్ట్‌వేరు ఎంత శుద్ధముగా పనిచేసినను, ఆ ఋణము పటములో కనబడదు. అచ్చుకాని ఋణమునకు రేఖ లేదు.

మూడవ దోషము లెక్కకు సంబంధించినది. ఎక్కువ ఉల్లేఖనములు పొందినదే గొప్ప ఆవిష్కరణమని అనుకొనరాదు. 2014లో నేచర్ పత్రిక ప్రకటించిన పట్టికలో మొదటి స్థానము పొందినది ప్రొటీనులను కొలుచు విధానమును తెలిపిన 1951 నాటి లౌరీ పత్రము. మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయమును ఇట్టిదే. ఫిస్కే, సుబ్బారావులు 1925లో ప్రకటించిన భాస్వరమును కొలుచు పద్ధతిని తరతరముల జీవరసాయన శాస్త్రజ్ఞులు పేర్కొనిరి. కాని ప్రాణిలోని శక్తి మారకమునకు ఆధారమైన ఏ.టి.పి.ని గుర్తించిన 1929 నాటి వారి పత్రమును నేడు ఏ.టి.పి.ని గూర్చి వ్రాయువారు సాధారణముగా పేర్కొనరు. అది పాఠ్యపుస్తకములో కలిసిపోయినది. పటములో పద్ధతి పెద్ద బిందువు, ఆవిష్కరణము చిన్న బిందువు అగును.

నాల్గవది మనకు దగ్గరిది. డి.ఓ.ఐ. సంఖ్య లేని పత్రమును ఈ పరికరములు తరచుగా గుర్తింపజాలవు. పాత ప్రాంతీయ పత్రికలు, వ్యవసాయ నివేదికలు, తెలుగులో వెలువడు శాస్త్రవ్యాసములు ఎక్కువగా ఈ కోవకు చెందినవే. అవి పటములో లేకపోవుటను చూచి అవి లోకములోనే లేవని తీర్మానించుట అన్యాయము. వానిని ఓపికతో చేతితో చేర్చుకొనవలెను.

కావున తీర్పు ఇది. ఈ సాఫ్ట్‌వేర్లు విద్యార్థులకు ఉపయోగకరములు, ఖర్చు లేనివి, నేర్చుకొనుట సులభము. వీనిని చదువుటకు దారి చూపు పటముగా వాడుకొనవలెను గాని, మనిషి విలువను కట్టు తక్కెడగా వాడరాదు. పటము గీచిన తరువాత పెద్ద బిందువులను చదివిన పిమ్మట, ఏ రేఖయు చేరక ఒంటరిగా మిగిలిన బిందువులను తెరచి చూడవలెను. అది పనికిమాలినదై ఒంటరిగా ఉన్నదా, లేక ఎవరును దానిని పేర్కొనుట మరచిరా అను ప్రశ్నకు సమాధానము సాఫ్ట్‌వేరు చెప్పలేదు. పత్రమును చదివినవాడే చెప్పగలడు.