వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర: జోస్యమా, విమర్శా?

ఎన్.టి. రామారావు అభిమానిగా మొదలై సాహిత్య విద్యార్థిగా మారినవాడికి ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ ఒక పరీక్ష. ఆ పరీక్ష నేను చాలాకాలం తప్పుతూ వచ్చాను. 1990ల మొదట్లో, శంషాబాద్ దగ్గర మా వూళ్ళో శ్రీరామనవమి పందిట్లో అద్దె వీడియో డెక్కు పెట్టి ఆ సినిమా వేశారు. జరగబోయేది చెప్పే ఆ గొంతు విని ఒళ్ళు గగుర్పొడిచి కూర్చున్నాను. బ్రహ్మంగారు చెప్పారు కనుక నమ్మానా, రామారావు చెప్పాడు కనుక నమ్మానా అన్న ప్రశ్న ఆనాడు నాకు తోచలేదు. ఈ మధ్య మళ్ళీ చూసినప్పుడు తోచింది.

రామారావు స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, బ్రహ్మంగారి పాత్ర ధరించి, శిష్యుడు సిద్దయ్యగా కుమారుడు బాలకృష్ణను నిలిపిన సినిమా యిది. పార్టీ పెట్టకముందు తలపెట్టిన యీ చిత్రం సెన్సారు వివాదంలో చిక్కి, చివరకు 1984 నవంబరు 29న విడుదలైంది. ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. ఆగస్టు 16న ఆయన్ని ముఖ్యమంత్రి పదవినుంచి దించారు. సెప్టెంబరు 16న తిరిగి పదవిలోకి వచ్చాడు. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. నటుడు రాజ్యమేలతాడనీ, స్త్రీ రాజ్యమేలుతుందనీ బ్రహ్మంగారు ముందే చెప్పారని అప్పటికే జనం అనుకుంటున్నారు. అంటే ప్రేక్షకుడు రుజువులు వెంటబెట్టుకునే హాల్లోకి వచ్చాడు. జరిగిపోయినదాన్ని జరగబోయేదిగా వినిపించటంలోనే యీ సినిమా ఆకర్షణ వుంది.

అయితే కాలజ్ఞానం వాస్తవానికి ఏమిటి? బ్రహ్మంగారి పేర ప్రచారంలో వున్నదంతా ఒక్క చేతి రాత కాదు. తత్వాలుగా నోటినుంచి నోటికి, తాటాకులమీద, ఆ తర్వాత చౌకధర అచ్చుపుస్తకాల్లో అది పెరుగుతూ వచ్చింది. ప్రతి తరమూ తన కష్టాన్ని అందులో కలుపుకుంది. పాలకుణ్ణి ఎదుట నిలబడి తిట్టలేనివాడు, ఒకనాటికి యీ రాజ్యాలు కూలతాయని పాడుకున్నాడు. కాబట్టి అది ప్రధానంగా, భవిష్యత్కాల క్రియల్లో చెప్పిన వర్తమాన విమర్శ. బ్రహ్మంగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారని కథ. దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఆయన శిష్యులు. ఇంత శ్రామికజన సంబంధమున్న సాహిత్యాన్ని మూఢనమ్మకమని ఒక్కమాటతో కొట్టిపారేసే అభ్యుదయ విమర్శకులు కూడా పొరబడుతున్నారు.

సిద్దయ్య కథలో యీ సినిమాకు ప్రాణముంది. మతం దాటి గురువును వెతుక్కున్న యువకుడు అయినవాళ్ళకూ, నవాబుకూ జవాబు చెప్పుకోవాల్సి రావటం బలమైన వస్తువు. అక్కడ రామారావులో బోధకుడికంటే తండ్రి ఎక్కువగా కనిపిస్తాడు. కాలజ్ఞానం చెప్పే ఘట్టాల్లో మాత్రం బ్రహ్మంగారు వెనక్కి తగ్గి, కథానాయకుడు ముందుకొస్తాడు. ప్రశ్నించే సిద్దయ్య చేతులు కట్టుకుని వినేవాడుగా మిగిలిపోతాడు. ఎవరి బాధనుంచి ఆ మాటలు పుట్టాయో సినిమా పట్టించుకోదు. ఏవి నిజమయ్యాయో లెక్క చూపుతుంది.

దీనివల్ల నష్టమేమిటి, వినోదమే కదా అని ఎవరైనా అనవచ్చు. నేను పాఠాలు చెప్పే శంషాబాద్‌లోనే నాకు జవాబు దొరికింది. ఇక్కడ 5,495 ఎకరాల్లో కట్టిన విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అంతకు కొన్నేళ్ళ ముందే మా విద్యార్థి ఒకడి తాత తన రెండెకరాల చెలక ఒక దళారికి అమ్ముకున్నాడు. యీ సినిమా ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన నన్నడిగాడు: “గాలిల ఎగిరే బండ్లొస్తయని బ్రహ్మంగారు చెప్పిండంటరు గద సారూ! మరి అవి మా చెలకలనే దిగుతయని ఎందుకు చెప్పలే?”

యీ సినిమామీద నేను విన్న విమర్శల్లో యింతకంటే సూటి అయినది లేదు. రేపు ఏ భూమి బంగారమవుతుందో ముందే తెలిసినవాళ్ళు ఎప్పుడూ వుంటారు. వాళ్ళకు దివ్యదృష్టి అక్కర్లేదు, నక్షా చేతిలో వుంటే చాలు. భవిష్యత్తు ముందే రాసివుందని నమ్మించే కళ, దాన్ని రాస్తున్న చేతులను మరుగుపరుస్తుంది. అమ్ముకున్నవాడు తలరాత అనుకుని ఊరుకుంటాడు.

2014 నవంబరులో యీ విమానాశ్రయం దేశీయ టెర్మినల్‌కు రామారావు పేరు పెట్టాలన్న కేంద్ర నిర్ణయాన్ని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసి వ్యతిరేకించింది. పేరుమీద అంత చర్చ జరిగిన చోట, ఆ తాత ప్రశ్న మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

రామారావు గొంతు వింటే నేనిప్పటికీ ఆగిపోతాను. అభిమానాన్ని దాచుకోనక్కర్లేదు, దానికి లొంగి ప్రశ్న మానుకోవటమే తప్పు. సిద్దయ్య అడిగాడు కనుకనే బ్రహ్మంగారు చెప్పారని కథ. మన రచయితలు కాలజ్ఞానంలో నిజమైన జోస్యాలను లెక్కపెట్టటం మాని, అడిగినవాళ్ళ కష్టాన్ని అందులో చదవాలి. ఆ తాత ప్రశ్న రాయదగిన కథ. దాన్ని యింకా ఎవరూ రాయలేదు.