ఆది జాకెట్టు చెప్పని కొలత

బట్టల షాపు ట్రయల్ రూములో కుర్తీ భుజాల దగ్గర సరిపోయి ఛాతీ దగ్గర పట్టేస్తే, చాలామంది తప్పు తమ ఒంటిదేననుకుంటారు. నాలుగు కిలోలు తగ్గాక వేసుకోవచ్చులే అని కొని బీరువాలో దాచేవాళ్లూ ఉన్నారు. నిజానికి తేడా ఆ సైజు కట్టిన లెక్కలో ఉంది. ఆడవాళ్ల దుస్తుల కొలతల కోసం అమెరికా వ్యవసాయ శాఖ 1939, 40లలో దాదాపు 15,000 మందిని కొలిచి, 1941లో ఆ వివరాలు ప్రచురించింది. అందులో లెక్కకు తీసుకున్నది తెల్లజాతి స్త్రీలను మాత్రమే. మన దేశానికంటూ ఒక కొలతల పట్టిక ఉండాలని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ పెద్ద సర్వే ప్రకటించింది 2018లో: 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు 25,000 మందిని, హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో కొలవాలని. అన్నాళ్లూ మన షాపుల్లోని ఎస్, ఎం, ఎల్‌లు ఎక్కువగా పరాయి దేశాల పట్టికలను అటూ ఇటూ సవరించి వాడుకున్నవే. ఎంత మందిని కొలిచినా చివరికి తేలేది సగటే కదా, ఆ సగటు ఒళ్లు ఏ ఇంట్లోనూ కనిపించదు. అందుకే, సొంతంగా కుట్టుకుంటే డబ్బు మిగులుతుందని ప్రచారం చేసేవాళ్లు ఆ పని విలువను తగ్గించి చెబుతున్నారనిపిస్తుంది. మిగిలేది తన ఒంటి కొలత తనకు తెలియడం, బట్టను దానికి లొంగదీసుకోవడం.

ఈ విద్యకు మన ఇళ్లలో అసలు పరీక్ష జాకెట్టే. చీర ఎవరికైనా సరిపోతుంది, జాకెట్టు ఒక్కరికే సరిపోతుంది. బల్లపరుపుగా ఉండే ముక్కను గుండ్రటి ఒంటికి అతికించాలి, అదీ చేతులు కదిలేలా. 36 అంగుళాల ఛాతీకి నాలుగో వంతు తొమ్మిది. దానికి కుట్టుకూ, రేపు వదులు చేసుకోవడానికీ కలిపి అంగుళమున్నరో రెండో మార్జిన్ వదులుతారు. ఇంతవరకూ కూడికలే. ముందు భాగానికి వచ్చేసరికి కూడికలు చాలవు: డాట్లు వేసి అదనపు బట్టను మడిస్తేనే ఆ ముక్కకు గుండ్రదనం వస్తుంది. బట్ట పడుగు వైపు లాగితే సాగదు, పేక వైపు కొద్దిగా సాగుతుంది, మూలగా లాగితే బాగా సాగుతుంది. ముందు ముక్కను క్రాస్ కటింగులో కత్తిరించేదీ, మెడ పైపింగు పట్టీలను ఏటవాలుగా తీసేదీ అందుకే. కాటన్ లైనింగును ముందే తడిపి ఆరేయకపోతే, మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది చంక. చెయ్యి పైకెత్తితే జాకెట్టంతా పైకి లేస్తోందంటే చంక ఇరుకైందనుకుని ఇంకాస్త కిందికి కత్తిరిస్తారు, దాంతో ఇంకా ఎక్కువ లేస్తుంది. చంక కుట్టు ఒంటికి దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి జాకెట్టును లాగకుండా కదులుతుంది. టైలరుకిచ్చే ఆది జాకెట్టులో ఈ తప్పుంటే, కొత్త జాకెట్టులోకీ అదే దిగుతుంది. ఎందుకు పట్టేస్తోందో ఆది జాకెట్టు చెప్పదు, ఎంత వెడల్పుందో చెబుతుందంతే.

మిషను దగ్గర నేర్వాల్సింది దీనికన్నా తక్కువే. సూది మొన దగ్గరే బెజ్జం, కింద షటిల్‌లో రెండో దారం: 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పై దారం, బాబిన్ దారం బట్ట మందంలో సరిగ్గా మధ్యన ముడిపడితే టెన్షన్ కుదిరినట్టు. యంత్రాలన్నిటికీ మీరు వ్యతిరేకులా అని 1924లో అడిగితే గాంధీ మినహాయింపుగా చూపింది సింగర్ మిషన్‌నే, భార్య పడే కష్టం చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని కూడా అన్నారు. సింగర్ నడిపిన కాపురాల సంఖ్య తెలిసినవాళ్లకు ఆ ముక్క మింగుడుపడదు గానీ, మినహాయింపు మాత్రం సబబే. మనిషి చేతిని పక్కకు నెట్టకుండా దాని వేగం పెంచిన యంత్రమది.

మూడొందలకు కుర్తీ దొరుకుతుంటే ఈ తంటా ఎందుకు అనడం సహజం. గుడ్డ, లైనింగు, దారం, రెండు పూటల సమయం కలిపి లెక్కేస్తే ఇంట్లో కుట్టింది చౌక కాదు, ఒప్పుకోవాలి. అయితే ఆ మూడొందల కుర్తీని కూడా ఏ మరమనిషీ కుట్టలేదు. పెద్ద ఫ్యాక్టరీల్లో సైతం దాదాపు ప్రతి కుట్టు దగ్గరా బట్టను సూది కిందికి నడిపించేది ఒక మనిషి చెయ్యే. ఆ చేతికి ఎంత ముడుతోందన్నదే చౌకదనంలోని అసలు లెక్క. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు ఆ లెక్క ప్రపంచానికి కనిపించింది. ఇంట్లో జాకెట్టు కుట్టుకుంటే ఆ పరిశ్రమ మారిపోతుందని కాదు, చేతి కష్టం ఎంతో తెలిశాక ధర చీటీని చూసే చూపు వేరు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకోటుంది. కుట్టుపని ఆడపిల్లల్ని ఇంటికి కట్టేయడానికి నేర్పింది కాదా? చాలాచోట్ల అందుకే నేర్పారు, కాదనలేం. కానీ అందులో తప్పంతా బలవంతానిది, పైగా దాన్ని ఆడవాళ్ల పనిగానే ఉంచడానిది. వీధిలో మిషను ముందు కూర్చునే మగ దర్జీని విద్య ఉన్నవాడన్నాం, అదే పని ఇంట్లో ఆడవాళ్లు చేస్తే కాలక్షేపమన్నాం. తన కోసం కుట్టుకునే మనిషి మొదట చేసే మార్పు చూస్తే సంగతి తెలుస్తుంది: చాలా రెడీమేడ్ కుర్తీలకు ఉండని జేబు. పక్క కుట్టులో ఆరేడు అంగుళాలు వదిలి రెండు సంచి ముక్కలు జోడిస్తే అయిపోయే పని.

దర్జీల పొట్ట కొట్టినట్టవుతుందన్న భయానికీ ఆధారం తక్కువ. ఓవర్‌లాక్‌కీ, పికోకీ, ఖరీదైన పట్టు ముక్క మీద కత్తెర పెట్టే ధైర్యం లేనప్పుడూ ఇంట్లో కుట్టుకునేవాళ్లు వెళ్లేది అక్కడికే. చేతి జాయింటు ముడత పడకుండా ఒక్కసారి కుట్టి చూశాక, కూలి దగ్గర బేరమాడటానికి నోరు రాదు. ఆది జాకెట్టు కౌంటరు మీద పడేసి ‘ఇలాగే కుట్టండి’ అని వచ్చేసేవాళ్లు, ‘చంక అరంగుళం పైకి తీసుకోండి’ అని చెప్పి మరీ వస్తారు.