ముందు ఒకే గోడ, వెనుక ముప్ఫై ఇళ్లు

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో, పచ్చిక వాలుకు ఎగువన నెలవంకలా వంగిన 30 ఇళ్ల వరుసే రాయల్ క్రెసెంట్. 1767లో పని మొదలై 1770ల మధ్యకు పూర్తయింది. రూపకర్త జాన్ వుడ్ ది యంగర్. దగ్గర్లోని సర్కస్ అనే గుండ్రటి ఇళ్ల సముదాయం ఆయన తండ్రి ఊహించింది. 1754లో తండ్రి పోయాక దాన్ని కట్టి ముగించింది కొడుకే. సర్కస్‌లో ఇళ్లు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి చూసుకుంటాయి. క్రెసెంట్ మాత్రం లోయ వైపు బార్లా తెరుచుకుంటుంది. ముందున్న పచ్చికను రెండుగా విడదీసే గోడ ఒక కందకంలో దాగి ఉంటుంది. పశువులు ఇళ్ల దాకా రాలేవు, కిటికీలోంచి చూసేవారికి అడ్డూ కనిపించదు.

కింది అంతస్తును అలంకారం లేకుండా వదిలేయడమే వుడ్ చేసిన అసలు తెలివైన పని. తలుపులు, కిటికీలు, నున్నటి గోడ, అంతే. ఆ పైనుంచి 114 అయోనిక్ స్తంభాలు రెండంతస్తుల ఎత్తున లేస్తాయి. కింద ఆ నిశ్శబ్దం లేకపోతే ఇన్ని స్తంభాలు కంటికి బరువయ్యేవి. రాయి బాత్ పరిసరాల్లో దొరికే తేనెరంగు సున్నపురాయి. ఎటు కోసినా చీలిపోదు, అందుకే చెక్కడానికి అనువు. బొగ్గు పొగకు మాత్రం తేలిగ్గా నల్లబడుతుంది.

ఇళ్లు అమ్మిన పద్ధతి ఇంకా ఆసక్తికరం. కొన్నవారు ముఖభాగంలో కొంత నిడివి తీసుకుని, వుడ్ గీసిన గీత తప్పకుండా ముందు గోడ కట్టాలి. దాని వెనుక ఇల్లు వారి ఇష్టం, వారి మేస్త్రీల ఇష్టం. అందుకే పెరటి వైపు నుంచి చూస్తే ఒక కప్పు ఎత్తు, పక్కది పొట్టి. కిటికీలు ఎక్కడ పడితే అక్కడ. ఆ గజిబిజిని కూడా చూస్తే గానీ క్రెసెంట్ పూర్తిగా అర్థం కాదు. వంటగది, పనివాళ్లు నేలమాళిగలో. బొగ్గు నిల్వ ముందున్న బాట కింది అరల్లో.

ముందు గోడ కూడా చెక్కుచెదరకుండా ఏమీ లేదు. 19వ శతాబ్దంలో చాలామంది మొదటి అంతస్తు కిటికీలను కిందికి పొడిగించారు, వరుస దెబ్బతింది. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఒకటో నంబరు ఇంట్లో వాటిని పాత కొలతలకు తెచ్చారు. 1970లలో 22వ నంబరు ఇంటి యజమానురాలు తలుపుకు పసుపు రంగు వేయించినప్పుడు, తెల్లరంగే ఉండాలని నగరపాలక సంస్థ పట్టుబట్టింది. వివాదం విచారణ దాకా వెళ్లింది. తీర్పు పసుపు తలుపుకే దక్కింది.