పట్టా వెడల్పు ఒక్కటే — పొత్తు మాత్రం వేరు

మాదిరి రైలు మంచి భౌతికశాస్త్ర పరికరము. నిష్పత్తి, విద్యుద్వలయము, ఘర్షణ అన్నీ ఒక బల్లమీదనే కనిపిస్తాయి. కాని దానిని కొనబోయే పాఠశాలకు మొదటి చిక్కు పట్టాల దగ్గరనే వస్తుంది. ‘హెచ్‌ఓ’, ‘ఓఓ’ రెండింటి పట్టా వెడల్పు 16.5 మి.మీ.లే కనుక దేనికి ఏదైనా అతుకుతుందని ఆరంభకులకు చెప్పటం పరిపాటి. ఈ మాటలో నిజం కొంతే ఉన్నది.

గేజి అనగా రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరము. స్కేలు అనగా అసలు వస్తువుకు, మాదిరికి గల నిష్పత్తి. హెచ్‌ఓ స్కేలు 1:87. ప్రామాణిక రైలుమార్గపు గేజి 1435 మి.మీ.; దీనిని 87 చేత భాగిస్తే 16.5 వస్తుంది. లెక్క సరిపోయినది. బ్రిటిష్ ఓఓ స్కేలు 1:76.2, దీనికి 18.83 మి.మీ. కావలె. అయినా పట్టా 16.5 దగ్గరనే ఉన్నది. కారణమేమి? బ్రిటిష్ ఇంజన్లు ఐరోపా ఖండపు ఇంజన్లకంటె చిన్నవి. 1:87కు తగ్గిస్తే ఆనాటి మోటార్లు వాటిలో ఇమడటం కష్టమైనది. అందుచేత బండిని పెంచి, దారిని అట్లే ఉంచారు. ఆనాటికిది తెలివైన రాజీయే. కాని కొలతలు నేర్పదలచిన ఉపాధ్యాయునికి ఇది లోపమే. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. మార్గానికి 1:87లో 19.3 మి.మీ. కావలె. భారతీయ బండిని 16.5 పట్టామీద నడిపినా అటువంటి రాజీయే.

అంతకంటె పెద్ద తేడా విద్యుత్తులో ఉన్నది. సాధారణమైన రెండు పట్టాల పద్ధతిలో ఒక పట్టా ఒక ధ్రువము, రెండవది రెండవ ధ్రువము. ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలను విద్యుత్తు కలుపరాదు. జర్మనీ మార్క్లిన్ పద్ధతిలో పట్టాలు రెండూ ఒకే ధ్రువము. స్లీపర్ల నడుమ నున్న లోహపు బుడిపెలు రెండవ ధ్రువము. ఆ బండిని రెండు పట్టాల దారిమీద పెడితే ఇరుసే పట్టాలను కలిపి షార్టు చేస్తుంది. అయినా మార్క్లిన్ పద్ధతిలో ఒక గుణమున్నది: దారి చుట్టు తిరిగి తననే కలుసుకొన్నా షార్టు కాదు. రెండు పట్టాల పద్ధతిలో అక్కడ ఎడమ పట్టా కుడి పట్టాను తాకుతుంది. ప్రత్యేకమైన ఏర్పాటు లేనిదే పని జరుగదు.

పట్టా ఎత్తు మరొక విషయము. ‘కోడ్ 100’ అంటే ఎత్తు 0.100 అంగుళము, అనగా 2.54 మి.మీ. ‘కోడ్ 75’ ఎత్తు 1.9 మి.మీ. చూపుకు రెండవది సహజంగా ఉంటుంది. కాని పాత బండ్ల లోతైన చక్రపు అంచులు దానిమీద పట్టా బిగింపులకు తగులుతాయి. వంపులూ ఒక్కటి కావు: హార్న్‌బీ మొదటి వంపు వ్యాసార్థము 371 మి.మీ., మార్క్లిన్ సి-పట్టాలో 360.

కనుక ఆ రెండక్షరాలను మాత్రమే నమ్మి పాఠశాల సొమ్ము ఖర్చుపెట్టరాదు. గేజి, విద్యుత్పద్ధతి, పట్టా ఎత్తు, వంపు — నాలుగూ చూడవలె. ఆరంభకులకు రెండు పట్టాల పద్ధతి, కోడ్ 100 మేలు. హార్న్‌బీ, పీకో సెట్‌ట్రాక్ కొలతలు పరస్పరం కలుస్తాయి. వాటి రెండవ వంపు 438 మి.మీ.; దానికి ఒక మీటరు వెడల్పుగల బల్ల చాలును. పాత సరుకుల పెట్టె చేతికి వస్తే టార్చి బ్యాటరీ, బల్బు తీగలను ఒకే ఇరుసు రెండు చక్రాలకు ఆనించి చూడండి. బల్బు వెలిగినచో దానిని రెండు పట్టాల దారిమీద పెట్టరాదు. ఆ పరీక్షను విద్యార్థుల చేతనే చేయించటం మంచిది.