పిట్టను పిలవొద్దు

పక్షుల్ని చూసే విద్యలో కళ్ల పని సగమే. మిగతా సగం చెవులది, కదలకుండా నిలబడే ఓపికది. దట్టమైన అడవి ఉన్న దీవిలో ఒక్క పగలు గడిపితే ఆ సంగతి బోధపడుతుంది. నాకు బోధపరిచింది దక్షిణ అండమాన్ కొసన ఉన్న చిడియా టాపు.

ఈ భూమ్మీద మరెక్కడా లేని పక్షి జాతులు అండమాన్ నికోబార్ దీవుల్లో ఇరవైకి పైగా ఉన్నాయి. మన పొలం గట్ల మీద తిరిగే జెముడుకాకికి అక్కడో చుట్టం ఉంది. రెక్కలు మన దానిలాగే ఎర్రన. ఒళ్లు మాత్రం నల్లగా ఉండదు, లేత మట్టిరంగు. సముద్రం అడ్డుపడి తరాల తరబడి వేరుగా బతికితే పిట్ట ఎలా మారుతుందో చూడటానికి అంతకంటే మంచి చోటు మన దేశంలో లేదు.

జనవరిలో వెళ్లాను. పోర్ట్ బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీ విజయపురం. అక్కడ బెంగాలీ, తమిళం, హిందీలతో పాటు తెలుగూ వీధిలో వినిపిస్తుంది. నన్ను తీసుకెళ్లిన డ్రైవరుది శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. తెల్లవారకముందే బయల్దేరి, వెలుగు వచ్చేసరికి పడౌక్, గుర్జన్ చెట్ల కింద నిలబడ్డాం. ముందు వినిపించింది టకటక. కాకంత నల్లటి వడ్రంగిపిట్ట, నెత్తిన ఎర్రటి జుట్టుతో, ఎండిన కొమ్మను పొడుస్తోంది. ఇదీ ఆ దీవులదే. శబ్దం వచ్చిన వైపు చూశాం కాబట్టి దొరికింది; ఆకుల్లో వెతుక్కుంటూ పోతే దొరికేది కాదు.

నేను అసలు వెళ్లింది అండమాన్ క్రేక్ కోసం. నీటికోళ్ల కుటుంబంలోదే అయినా ఇది చెరువు మీదికి రాదు. అడవి వాగుల పక్కన పొదల్లో నేల మీద తిరుగుతుంది. మధ్యాహ్నం దాటాక ఓ చిన్న వాగు దగ్గర ఆగాం. చేతుల మీద దోమలు, కాళ్ల కింద ఎండాకులు. నేను ముందుకి వంగబోతుంటే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టి, “కదలకండి సార్, అదే వస్తాది” అన్నాడు.

వచ్చింది. పొదలోంచి మొదట లేత ఆకుపచ్చ ముక్కు బయటికొచ్చింది, తర్వాత ముదురు ఇటుకరంగు తల, మెడ. పొట్ట మీద నలుపు తెలుపు అడ్డచారలు. ఒక ఆకును ముక్కుతో తిరగేసి, కింద దొరికిందేదో మింగి, రెండడుగులు వేసి మరో ఆకు తిరగేసింది. మమ్మల్ని పట్టించుకోలేదు. కాసేపటికి వాగు దాటి పొదలోకి వెళ్లిపోయింది.

1873లో ఏ.ఓ. హ్యూమ్ పక్షుల కోసం ఈ దీవులకు వచ్చాడు. తర్వాత కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమే ఆయన. ఆ రోజుల్లో పక్షిని తేల్చుకోవాలంటే కాల్చి చేతిలోకి తీసుకోవడమే పద్ధతి. ఇప్పుడు తుపాకీ పోయి ఫోన్ వచ్చింది. రికార్డు చేసిన కూతను స్పీకర్లో మోగిస్తే పొదలో ఉన్న పిట్ట బయటికొస్తుంది. ఫొటో బాగా పడుతుంది. పిట్ట ఎందుకొచ్చిందో ఆలోచించాలి. తన జాగాలోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని, మేత మాని, గూడు వదిలి, లేని శత్రువు మీదికి వస్తుంది. చిడియా టాపులో సాయంత్రం చీకటి పడగానే గుడ్లగూబల కోసం వచ్చేవాళ్లు ఎక్కువ. ఒకరి తర్వాత ఒకరు అదే కూత మోగిస్తే ఆ పక్షి వేటాడేదెప్పుడు?

దీవిలో ఈ లెక్క మరీ కఠినం. బయటి నుంచి కొత్త పక్షులు వచ్చి చేరవు. ఒక చోట చెదిరిన పక్షికి పోవడానికి ఇంకో అడవీ పెద్దగా ఉండదు. ఉన్న బెడదలే చాలు. బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల దుప్పులకు అక్కడ పులుల భయం లేదు. అవి పెరిగి లేత మొక్కల్ని మేసేస్తున్నాయి. క్రేక్ దాక్కునేది ఆ పొదల్లోనే. పసిఫిక్ దీవుల్లో ఈ కుటుంబపు పక్షులు ఎన్నో ఎలుకలు, పిల్లుల రాకతో పూర్తిగా అంతరించాయి.

అందుకే నా మాట ఇది. అండమాన్ వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కూతల రికార్డులు గదిలో కూర్చుని విని నేర్చుకోండి, అడవిలో మోగించకండి. గైడు ఫోన్ తీయబోతే వద్దని చెప్పండి. డబ్బిచ్చేది మీరు కాబట్టి మీ మాట వింటాడు.