మూడుసార్లు చెప్పాడు, తర్వాత?

2010 మే 22 పొద్దున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటిపోయి లోయలో పడింది. అందులో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు. విమానం ఉండాల్సిన ఎత్తుకన్నా బాగా పైనుంచి దిగుతోంది. దింపొద్దు, మళ్లీ పైకి లేపుదామని కోపైలట్ మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు. దారిలో ఆయన చాలాసేపు నిద్రపోయాడు. ఆ గురక కాక్‌పిట్ రికార్డర్‌లో వినబడింది.

మూడుసార్లు చెప్పినవాడు కంట్రోల్స్ తన చేతిలోకి ఎందుకు తీసుకోలేదు? పిరికివాడని తేల్చేయడం మనకు సుళువు. విచారణ నివేదిక మాత్రం ఆ మాట అనలేదు. కోపైలట్ తనంతట తాను విమానాన్ని పైకి లేపొచ్చా అన్న విషయంలో నిబంధనలే గజిబిజిగా ఉన్నాయనీ, బహుశా అందుకే అతను చెప్పడంతో ఆగిపోయాడనీ రాసింది.

ఆఫీసుల్లో మన ధైర్యం కూడా చాలావరకు చెప్పడం దగ్గరే ఆగిపోతుంది. మెయిల్ పెట్టేశాం, రికార్డులో ఉంది, ఇక ఆయన ఇష్టం. రేపు ఏదైనా జరిగితే 'నేను ముందే చెప్పాను సార్' అనడానికి పనికొస్తుంది, అంతే.

నేను పనిచేసిన న్యూస్ డెస్కులో ఒక సబ్‌ఎడిటర్ ఉండేవాడు. పేజీ వెళ్లిపోయే వేళ ఇన్‌ఛార్జి దగ్గరికొచ్చి, "అన్నా, మృతుల సంఖ్య హెడ్డింగులో ఒకలా, వార్తలో ఒకలా ఉంది. స్టేషన్‌కు ఫోన్ చేశా, వార్తలో ఉన్నదే కరెక్టు. హెడ్డింగు మార్చి పెట్టా, ఒక్కసారి చూడు" అనేవాడు. తప్పు చూపించేసరికే దిద్దుబాటు కూడా సిద్ధం. ఇన్‌ఛార్జికి విసుక్కునే సందు దొరికేది కాదు. ఓ రాత్రి మాత్రం "ఇప్పుడేం మార్చొద్దు, ఎడిషన్ లేటవుతుంది" అన్నాడాయన. మనవాడు ఆయన ఎదుటే ఎడిటర్‌కు ఫోన్ చేసి పేజీ ఆపించాడు. పేజీ ఆపమని అడిగే హక్కు డెస్కులో ఎవరికైనా ఉందని ఎడిటర్ అంతకుముందే అందరికీ చెప్పి ఉన్నారు. లేకపోతే అతను మాత్రం ఆ ఫోన్ చేసేవాడా? నాకు అనుమానమే. ఎదురు చెప్పినవాడి ఇంక్రిమెంటు ఏమవుతుందో మీకు తెలియనిదా!

మీ కింద నలుగురు పనిచేస్తుంటే, మిమ్మల్ని అడక్కుండా ఏ పనిని ఎవరు ఆపొచ్చో ఈ వారమే కాగితం మీద పెట్టండి. మీరే ఆ నలుగురిలో ఒకరైతే ఆ కాగితం అడిగి తీసుకోండి.